ఎర్ర మూత

పదకొండో భాగం

కరుణాకరం అన్నను సమాధి చేసి వచ్చిన సాయంత్రం, ఆయన ఇంటి వసారాలో ఎవరో నా చేతికి గ్లాసుతో నీళ్ళిచ్చారు. మా మంచినీళ్ళ ప్లాంట్ క్యాన్‌లోంచి పట్టిన నీళ్ళే. ఒక గుక్క మింగి, రెండో గుక్క నోట్లోనే పెట్టుకుని కూర్చుండిపోయానని కిందటి వారం చెప్పాను. అవి మిషన్‌లో వడకట్టిన నీళ్ళు కావు. బోరులోంచి వచ్చినవి వచ్చినట్టు క్యాన్‌లో పట్టిన నీళ్ళు. ఇన్నేళ్ళుగా నీళ్ళు అమ్ముకుని బతుకుతున్నదాన్ని, ఆ తేడా నా నాలుకకు తెలియకపోవడమనేది ఉండదు.

గిద్దలూరు నుంచి కొమరోలు పోయే దారిలో ఉంది మా ఊరు. మా వైపు నేల కింది నీళ్ళలో ఫ్లోరైడ్. పిల్లలకు పళ్ళు పచ్చబడతాయి, నడివయసు వచ్చేసరికి మోకాళ్ళు వంగవు. కాబట్టి క్యాన్ నీళ్ళు మాకు షోకు కాదు, బియ్యంలాగా రోజూ కావలసిన సరుకు. ప్లాంట్ నా పేరు మీద ఉంది. మిషన్ దగ్గర పని నా తమ్ముడు పాల్ రాజు చూస్తాడు. ఆర్డర్ల ఫోను నా కూతురు ఫెబీ దగ్గర ఉంటుంది. బయట బేరాలన్నీ నావి. నా భర్త స్టీఫెన్ చర్చి సంఘ పెద్ద. ఆయనకు వ్యాపారం పట్టదని ఊళ్ళో అందరూ అంటారు. నేనూ అంటాను.

చావు జరిగిన ఇంటికి నీళ్ళు అమ్మకూడదని ప్లాంట్ తెరిచిన రోజే ఒక నియమం పెట్టుకున్నాను. ఏ కులమైనా, ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళైనా, ఆ ఇంట్లో జనం పలచబడేదాకా క్యాన్లు ఊరికే. తర్వాత డయాలసిస్‌కు పోయేవాళ్ళ ఇళ్ళను కూడా ఆ లెక్కలోనే చేర్చాను. ఒకసారి మా ఆటో డ్రైవర్, శవం ఇంకా వాకిట్లో ఉండగానే క్యాన్లకు డబ్బులడిగాడని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వారమే ఎర్ర మూతలు తెప్పించాను. ఎర్ర మూత ఉన్న క్యాన్‌కు డబ్బులడగకూడదు. నేను అనుకున్న అర్థం అంతే.

డయాలసిస్‌కు తిరిగిన కరుణాకరం అన్న ఇంటికి ఏడాదిగా పోతున్నవి ఆ ఎర్ర మూత క్యాన్లే.

తెల్లవారి నేను ప్లాంట్‌కు వెళ్ళేసరికి గొర్రెల కాపరి ఆదిశేషు భార్య ఎల్లమ్మ, మోపెడ్‌కు అటొకటి ఇటొకటి క్యాన్లు కట్టుకుంటోంది. నన్ను చూసి నవ్వింది.

“ఏందక్కా, మొగం అట్ల పెట్టుకోనుండావు? నీళ్ళల్లో కప్ప గానీ వచ్చిందా?”

“కప్ప వస్తే బాగుండు. ఎల్లమ్మా, మీ అత్త పోయినప్పుడు మేము పంపిన నీళ్ళు ఎట్లుండె?”

“ఎర్ర మూత నీళ్ళా? గొర్రెలు బాగనే తాగినాయి.”

అనేసి తనే నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

“మరి మనుషులు ఏం తాగినారు?”

“మనుషులకు కొనుక్కొస్తిమి. వచ్చిన సుట్టాలకు ఉప్పు నీళ్ళు ఎట్ల ఇస్తాం?”

“కొనుక్కొస్తిరా? ఎవరి దగ్గర?”

“నీ దగ్గరే. తెల్ల మూతవి.”

చావింటికి నేను ఊరికే పంపిన నీళ్ళు గొర్రెల తొట్టిలో పోసి, ఆ చావింటివాళ్ళు నా ప్లాంట్‌కే వచ్చి డబ్బులిచ్చి నీళ్ళు కొనుక్కుపోయారు. ఆ అమ్మకం నా గల్లాలోకే వచ్చింది. ఆ రోజు అమ్మకం బాగుందని కూడా అనుకుని ఉంటాను.

“నాకు ఒక మాట చెప్పొచ్చు గదా!”

“ఊరికే పంపినావు. బాగలేవని నీ గడపకొచ్చి చెప్తే ఏం మర్యాద అక్కా?” ఎల్లమ్మ తాడు ముడి గట్టిగా లాగింది. “అయినా నీకు తెల్సే అనుకుంటిమి. ఊరంతా అట్లనే అనుకుంటాండ్రు.”

మోపెడ్ వెళ్ళిపోయింది. నేను ప్లాంట్ వెనక్కి నడిచాను.

మిషన్‌లోకి పోకముందే బోరు నీళ్ళు పెద్ద ట్యాంకులో పడతాయి. ఆ ట్యాంకుకు అడుగున ఒక రబ్బరు పైపు ఉంటుంది. ఖాళీ క్యాన్లు కడగడానికి పెట్టిన పైపు. పాల్ రాజు చెప్పుల్లేకుండా, లుంగీ పైకి కట్టుకుని, ఆ పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన కడిగిన క్యాన్లు వరుసగా ఉన్నాయి. పైపు కొన వాటిలో ఒక క్యాన్ మూతిలో ఉంది. పక్కన గోనెపట్టా మీద ఎర్ర మూతలు.

మధ్యాహ్నం కరుణాకరం అన్న ఇంట్లో ఆదరణ కూడిక, పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ప్రార్థన. ఆ క్యాన్లు అక్కడికే.

“ఆ పైపు తీయి,” అన్నాను.

“ఏందక్కా, పొద్దున్నే...”

“తీయి.”

తీశాడు. నీళ్ళు వాడి కాళ్ళ మీద పడుతున్నాయి. కొళాయి కట్టాలన్న ధ్యాస కూడా వాడికి లేదు.

“ఎన్నాళ్ళ నుంచి?”

వాడు తప్పించుకోవాలని చూడలేదు. నాకు అదే ముందు కోపం తెప్పించింది. దొంగతనం చేసినవాడు కనీసం తడబడాలి.

“పోయిన ఎండాకాలం నుంచి. బోరు ఆగి ఆగి పోస్తుండె గదా? ఒక క్యాన్ మంచినీళ్ళు దిగాలంటే ఇంకో రెండు క్యాన్ల నీళ్ళు మిషన్ బయటికి తోసేస్తది. అమ్మేదానికే చాలకపాయె. ఊరికే ఇచ్చేవాటికి గూడా అవే పోస్తే, కొనేవాళ్ళకు యాడ తెచ్చేది?”

“చాలకపోతే కొనేవాళ్ళకు లేవని చెప్పాల.”

“కొనేవాళ్ళకా?” వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “యాపారం చేసేదానివేనా నువ్వు?”

“అవును, వ్యాపారం చేసేదాన్నే. అందుకే చెప్తున్నా విను. కొన్నోడికి నోరుంటది. నీళ్ళు బాగలేకపోతే క్యాన్ తెచ్చి నా మొగాన కొడతాడు, రేపటి నుంచి ఇంకో ప్లాంట్‌కు పోతాడు. ఊరికే తీసుకున్నోడు ఏం చేస్తాడు? దండం పెట్టి తాగుతాడు. ఎల్లమ్మ మాదిరి గొర్రెలుంటే గొర్రెలకు పోస్తాడు. లేనోడు? డయాలసిస్‌కు మార్కాపురం బస్సెక్కి పోయొచ్చి, ఒళ్ళు వేలాడేసుకుని ఇంట్లో పడుకున్నోడు?”

వాడు తల వంచుకున్నాడు.

“ఎర్ర మూత ఎందుకు పెట్టినానో నీకు తెలుసు గదరా?”

“తెలుసు.”

“డబ్బులడగొద్దని పెట్టినా. నాసిరకం సరుకని గుర్తు పెట్టలేదు.”

“అక్కా, నన్నొక్కణ్ణే అంటే ఎట్ల? నువ్వు చెప్పిస్తేనే గదా నేను చేసింది?”

“నేనా?”

“నీ మాట అనే వచ్చింది నాకు.”

“నేను నీతో ఎప్పుడు చెప్పినా?”

“నీ నోట వినలే. నీ పేరు మీద విన్నా. ఈ ప్లాంట్‌లో అన్నీ అట్లనే గదా జరిగేది? నువ్వు గిద్దలూరులో, కంభంలో, యాడనో బేరాల్లో ఉంటావు. అమ్మ చెప్పింది, అక్క చెప్పింది, అంటే మేము చేస్తాం.”

“ఎవరు చెప్పినారు నీకు?”

పాల్ రాజు కొళాయి కట్టాడు. లుంగీ కిందికి దించుకున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు:

“నన్నడగొద్దు. నీ ఇంట్లో అడుగు.”

దొరికిపోయినవాడు పక్కింటి మీదికి రాయి విసిరినట్టే అనిపించింది. అమ్మ పోయిన తర్వాత నా చంకలో పెరిగినవాడు. వాడికి ఈ పని ఇప్పించింది దయతో కాదు, నమ్మకంతో. రెండింటికీ తేడా ఉంది. దయ చూపించిన చోట మోసం జరిగితే జాలిపడి ఊరుకుంటాం. నమ్మిన చోట జరిగితే, ఇంతకాలం మన కళ్ళు ఏం చూశాయో అని మన కళ్ళ మీదే అనుమానం వస్తుంది.

“తాళాలియ్యి,” అన్నాను.

మొలతాడుకున్న తాళాలు విప్పి నా చేతిలో పెట్టాడు. గేటు దాకా వెళ్ళి, తిరిగి వచ్చి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ ఎర్ర మూత క్యాన్లన్నీ నేనే బోర్లించాను. మిషన్ నేనే వేశాను. నీళ్ళు దిగేదాకా ఆ గోనెపట్టా మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. డబ్బు లెక్క కాదు.

ఈ రోజుల్లో ఎవరికి కష్టమొచ్చినా ఫోన్‌లో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపేసి పని అయిపోయిందనుకుంటున్నారని నేను అందరినీ ఎగతాళి చేసేదాన్ని. నేను బొమ్మ పంపను, సరుకు పంపుతాను అని లోలోపల నాకు గర్వం. ఆ క్యాన్లు చావింటి ముందు దిగేటప్పుడు స్టీఫెన్ ఫోటో తీసి స్టేటస్ పెట్టుకునేవాడు. కింద వందనాలు, ప్రైజ్ ద లార్డ్‌లు. నాకు నచ్చేది కాదు, కానీ ప్లాంట్‌కు మంచి పేరే కదా అని ఊరుకున్నాను. ఆ ఫోటోలన్నింట్లో ఎర్ర మూతలు ఉన్నాయి. ఊరంతా చూసింది. ఊరంతా ఆ మూత కింద ఏముందో తెలిసే వందనాలు చెప్పింది.

అమ్మిన సరుకు మంచీ చెడూ కొన్నవాడు చూసుకుంటాడు. ఊరికే ఇచ్చిన సరుకు మంచీ చెడూ ఇచ్చినవాడే చూడాలి, ఎందుకంటే ఇంకెవరూ చూడరు. ఇంత చిన్న లెక్క ఇంతమంది పెద్దమనుషులున్న ఊళ్ళో ఎవరికీ రాలేదా అనుకున్నాను.

ఇక మిగిలింది ఒక్కటే. కరుణాకరం అన్న భార్య కృపారాణి వదినకు చెప్పాలి. ఆమె భర్త మా నీళ్ళను నమ్మి తాగి పోయాడు. ఆమెకు తెలియకుండా మధ్యాహ్నం ఆ కూడికలో కూర్చుని, నీళ్ళు పోసిన పుణ్యాత్మురాలినని పొగిడించుకోవడం నావల్ల కాదు.

వాళ్ళ వీధిలో షామియానా వేసేశారు. స్టీఫెన్ తెల్ల చొక్కా వేసుకుని మైకు సరిచూస్తున్నాడు. పెరట్లో ఆడవాళ్ళు కూరలు తరుగుతున్నారు. వాళ్ళ మధ్య మా ఫెబీ ఉల్లిపాయలు కోస్తోంది. దానికి చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు నేర్పింది కరుణాకరం అన్నే. పొద్దున నన్ను అడగకుండానే సాయానికి వచ్చేసింది. చూసి నా మనసు కాస్త కుదుటపడింది.

వదిన లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను తలుపు దగ్గరికి వేశాను.

“వదినా, నీకొక మాట చెప్పాల. ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు.”

“నీళ్ళ సంగతా?” అంది.

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

“కూర్చో ఎలీషబా. ఆ సంగతి ఇప్పుడెందుకు? మనిషే పోయినాడు.”

“నీకు తెలుసా?”

“మొదటి గుక్కలోనే కనిపెట్టినాడు మీ అన్న. గ్లాసు కిందపెట్టి, ‘ఇవి మన బోరు నీళ్ళే’ అన్నాడు. ఆయన చేన్లో బోరు గదా? చిన్నప్పటి నుంచి ఆ నేల నీళ్ళే గదా తాగింది?”

ఈ సంగతి నేను ఇదివరకే చెప్పి ఉండాలి. మా ప్లాంట్‌కు నీళ్ళొచ్చే బోరు కరుణాకరం అన్న చేనులోది. నేను వేయించిన బోర్లన్నీ దుమ్ము కక్కినప్పుడు, ‘నా చేన్లో నీళ్ళుండాయి చెల్లెమ్మా, పైపు వేసుకోపో’ అన్నాడు. అద్దె మాట ఎత్తనివ్వలేదు. ఊరికి మంచినీళ్ళు ఇస్తున్నది నేనే అని పేరు. ఆ నీళ్ళు ఇచ్చింది ఆయన. ఆయనకు మాత్రం వడకట్టకుండా పంపాం.

“డాక్టరు బోరు నీళ్ళు వద్దన్నాడు గదా వదినా. తెలిసీ ఎట్ల తాగనిచ్చినావు?”

“కొన్ని దినాలు కొంటిమి. మందులు, బస్సులు... అన్ని దినాలు యాడ కొంటాం? ఆ నీళ్ళతోనే పోయినాడని నేననను. ముందే చెప్పినారు, ఎక్కువ కాలం ఉండడని. ఆ భారం నీ మీద వేయను.”

“నన్నొక్క మాట అడగొచ్చు గదా! నా గుమ్మం ఎంత దూరం?”

వదిన తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“అడగకుండానే ఉంటాడా? మీ ఫోన్‌కే చేసినాడు. ఫెబీ ఎత్తింది. స్పీకర్లో పెట్టినాడు, నేను ఈ మంచం మీదనే కూర్చోనుండా. ‘మామా, అమ్మే అట్ల చెప్పింది. ఊరికే ఇచ్చేవాటికి ఆ నీళ్ళే. నీకు తెల్ల మూతవి కావాలంటే డబ్బులు కట్టు, పంపుతాం’ అనింది.”

పెరట్లో ఎవరో దేనికో నవ్వారు. ఆ నవ్వుల్లో ఫెబీ గొంతు కూడా వినబడింది.

“మొదట్లో ఆయన నమ్మలే. ‘ఎలీషబాకు బయటికి చెప్పుకోలేని కష్టమేదో వచ్చినట్టుంది, మనం అడగొద్దు’ అన్నాడు. ఒక నెల చూసినాడు. నువ్వు వస్తివి, ఆపిల్ పండ్లు తెస్తివి, బాగుండావా అన్నా అంటివి, పోతివి. నీళ్ళ మాట నీ నోట రాకపాయె. ఇంక నీ పేరు ఎత్తడం మానుకున్నాడు.”

చివరి నెలల్లో నేను వెళ్ళినప్పుడల్లా ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. జబ్బు మనిషి, ఓపిక లేదేమో అనుకుని మంచం పక్కన పండ్లు పెట్టి వచ్చేదాన్ని.

“వదినా, నేను చెప్పలేదు. దేవుని తోడు, నేను చెప్పలేదు.”

“నాకు చెప్పి ఏం లాభం?” అంది కృపారాణి. “నమ్మాల్సినాయన పోయినాడు.”

వ్యాపారంలో ఎంత నష్టమొచ్చినా పూడ్చుకునే దారి ఒకటి ఉంటుంది. ఈ సంవత్సరం పోతే వచ్చే సంవత్సరం. ఇక్కడ ఏ దారీ లేదు. నన్ను చెల్లెమ్మా అని పిలిచిన మనిషి, నేను తెలిసే ఆయనకు ఆ నీళ్ళు పంపానని అనుకుంటూ కళ్ళు మూశాడు. ఆ మాట తప్పని చెప్పడానికి ఈ భూమ్మీద నాకిక మనిషి లేడు.

“ఒక దినం నేనే అన్నా,” అంది వదిన. “మన చేన్లోంచి వాళ్ళ పైపు పీకేయమని చెప్దామా అని. ‘వద్దు, ఊరికి నీళ్ళు కావాల గదా’ అన్నాడు.”

నేను లేచాను. తలుపు తీసి పెరట్లోకి పోయి, “ఫెబీ, ఇట్ల రా,” అన్నాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. వాళ్ళ అత్త ముఖం చూసింది, నా ముఖం చూసింది. ఏమిటని అడగలేదు.

“కరుణాకరం మామకు ఫోన్‌లో నువ్వేం చెప్పినావు?”

“అమ్మా, ఇక్కడ వద్దు. ఇంటికి పోయి మాట్లాడుకుందాం.”

“ఇక్కడే. అత్త ముందరే.”

“మామకు నేను అట్ల చెప్పిన మాట నిజమే.” దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉల్లిపాయల వల్లో మరి దేనివల్లో తెలియదు. “నువ్వు చెప్పలేదనేది గూడా నిజమే.”

“మరి నా పేరు ఎందుకు వాడుకుంటివి?”

“నీ పేరు చెప్తే ఎవరూ ఎదురు అడగరని.”

“నీ అంతట నువ్వే అనుకుంటివా?”

ఫెబీ వీధి గుమ్మం వైపు చూసింది. కృపారాణి మంచం కోడు పట్టుకుని లేచి నిలబడింది.

“ఆయన నీకు వాక్యం నేర్పినాడు పిల్లా,” అంది. “ఆయన పేరున ఈ దినం నిజం చెప్పు.”

అప్పుడు ఏడ్చింది నా కూతురు. ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా.

“నాయన దగ్గరికి పోదాం పా,” అంది. “ఆయన ముందరే అడుగు.”

వసారా దాటి వీధిలోకి వచ్చాం. వెనక వదిన కూడా వస్తోంది. షామియానా కింద అప్పటికే సగం కుర్చీలు నిండాయి. స్టీఫెన్ ఒక చేత్తో బైబిలు, ఒక చేత్తో మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“సహోదరీ సహోదరులారా, కూడికకు ముందు రెండు మాటలు. ఈ కుటుంబానికి చివరి దినం దాకా దాహం తీర్చిన...”

ముందు వరుస వైపు తిరుగుతూ మమ్మల్ని చూశాడు. నన్ను, నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్న ఫెబీని, మా వెనక ఉన్న కృపారాణిని. మేము ఇంకా నోరు తెరవలేదు.

స్టీఫెన్ వాక్యం మధ్యలోనే ఆగి, బొటనవేలితో నొక్కి మైకు ఆపేశాడు.